కనురెప్ప లోపలి రంగు

సగము మేను నిచ్చె స్వామి నీకని యంద్రు
సగము నొప్పి నెవరు సైచిరమ్మ
అడుగవచ్చు గాదె యర్ధనారీమూర్తి
ఆలకింపుమమ్మ యాలి మాట

స్వామి వామభాగమున కొలువున్న తల్లికి మొదట నమస్కరించి, నల్లగొండ సీమలో, మర్రిగూడ దాటిన తరువాత వచ్చే మెట్టపొలాల నడుమ జరిగిన ఒక ఇల్లాలి కథను ఆమె సన్నిధిలో విన్నవిస్తున్నాను. మాటలలో లోపముంటే తల్లి మన్నించుగాక.

*

"తలనొప్పి నాకని చెప్పకు. నీకే అని చెప్పు," అన్నాడు పరశురాములు, మెడ వెనుక భాగాన్ని అరచేతితో గట్టిగా నొక్కుకుంటూ. "మందుకు మొగ ఆడ ఉంటదా? తెచ్చి నా చేతుల పెట్టు, అయిపోయె."

నాగరాణి చీపురు ఆపలేదు. గొర్రెలు కదలకముందే దొడ్డిలోని పెంటికలన్నీ ఒక మూలకు ఊడ్చాలి. ఆ తరువాత తల్లిపాలు చాలని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టాలి. భర్తకు సద్ది కట్టాలి. అత్త గుర్వమ్మ మోకాళ్లకు కాపడం పెట్టి, ఆమెను లేవదీసి గోడ పక్కన కూర్చుండబెట్టాలి. అవన్నీ ముగిసిన తరువాతనే పల్లె దవాఖానకు పోవడం. అది కూడా ఆ పనులలో ఒకటిగానే చేరిపోయింది. తన కొరకు పోవడం కాదు గనుక దానికి వేరే సమయమంటూ లేదు.

పరశురాములు గొర్రెల పెంపకందారుల సంఘానికి అధ్యక్షుడై ఏడాది దాటింది. పల్లె దవాఖాన వసారా నడిరోడ్డుకు ఎదురుగా ఉంటుంది. అక్కడి వరుసలో ఆడవాళ్లే ఎక్కువ. సంఘం పెద్దమనిషి ఆ వరుసలో నిలబడితే పదిమంది కంటపడుతుందని, రోగిష్టివాడన్న పేరు వస్తే రేపు తన మాట ఎవరూ వినరని అతని బాధ. అయితే దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు నిరోష, మనిషిని చూడకుండా మాత్ర ఇవ్వనని వచ్చిన వారంలోనే తేల్చి చెప్పింది. అందుకని పరశురాములు ఈ ఉపాయం ఆలోచించాడు. తలనొప్పి తనది, దానిని మోసుకుపోయే శరీరం భార్యది.

ఆ పని నాగరాణికి కొత్త కాదు. కాపురానికి వచ్చిన నాటి నుండి ఆ ఇంటి నొప్పులన్నింటికీ ఆమె నోరే దారి. మునుపు చండూరు వైపు నుండి మోటారు సైకిలు మీద ఒక వైద్యుడు వచ్చేవాడు. చదువేమిటో ఎవరికీ తెలియదు. చేయి పట్టి చూసేవాడు కాదు, కన్ను తెరిచి చూసేవాడు కాదు. ఇంటి ముందు బండి ఆపి, ఎవరికి ఏమైందో చెప్పమనేవాడు. చెప్పినంత విని సంచిలో చేయి పెట్టేవాడు. అతని ముందు నిలబడి నిలబడి, ఏ నొప్పిని ఏ మాటతో చెబితే ఏ రంగు గోళీ వస్తుందో నాగరాణికి తెలిసిపోయింది. అత్తమ్మ మోకాళ్లు లేచేటప్పుడు ఎక్కువ నొస్తాయో కూర్చునేటప్పుడు ఎక్కువ నొస్తాయో అత్తమ్మ కంటె ఆమెకే బాగా తెలుసు. ఆ ఊరి పాత బోరునీళ్లలోని ఫ్లోరైడు వంచిన ఎముకలవి. మామగారు పోయే ముందు ఆయన దగ్గులో వచ్చిన మార్పును మొదట విన్న చెవులు ఆమెవే. భర్తకు తల పోటు పెట్టిన రోజున అతడు నోరు విప్పకముందే, చెప్పులు విడిచిన చప్పుడును బట్టి ఆమె పోల్చుకోగలదు. ఇంటిల్లిపాది బాధను ఇంత శ్రద్ధగా చదివిన ఆమెకు తన బాధ చెప్పడానికి ఉన్నది ఒకే ఒక మాట: నీరసం. అది రోగం పేరు కాదు, సోమరితనానికి ముద్దుపేరని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

ఎన్నో నెలలుగా ఆమెకు నెలసరి నెలసరిలా రావడం లేదు. ఆగినట్లే ఆగి మళ్లీ మొదలవుతుంది. గుడ్డలు తడిసి చీర దాకా వస్తుంది. ఇల్లు మేల్కొనక ముందే వాటిని ఉతికి, దొడ్డి వెనుక కంపకు ఆరవేసి, పైన మరో పాతగుడ్డ కప్పుతుంది. పచ్చగడ్డి మోపు తలకెత్తుకుని వస్తూ మిట్ట దగ్గర కూలబడి, ఎవరైనా వస్తున్నట్లు కనబడితే చెప్పులో ముల్లు తీసుకుంటున్నట్లు నటిస్తుంది. అన్నిటికంటె సిగ్గుపడే సంగతి మరొకటి ఉన్నది. చేటలో బియ్యం ఏరుతుంటే చేయి ఆగదు. గుప్పెడు తీసి నోట్లో వేసుకుని కరకరమని నమిలితే తప్ప ప్రాణం నిలువదు. ఒకనాడు గుర్వమ్మ చూసింది.

"ఏమే పిల్లా, ఇంట్ల అన్నం తక్కువైందా, పచ్చిబియ్యం బుక్కుతున్నవు? ఎవలన్న జూస్తె మేం నిన్ను పస్తులు పెడుతున్నమనుకుంటరు."

పరశురాములు నవ్వి, "గొర్రెలతోని ఉండి ఉండి దానికి నెమరేసుడు అలవాటైందే అవ్వా," అన్నాడు. నాగరాణి కూడా నవ్వింది. నవ్వకపోతే ఆ మాట ఇంకా ఎంత దూరం పోయేదో.

*

పల్లె దవాఖానలో తన వంతు రాగానే నాగరాణి కుర్చీలో కూర్చుంటూనే పాఠం అప్పజెప్పినట్లు మొదలుపెట్టింది. మెడ వెనుక నుండి నడినెత్తి దాకా పోటు వస్తుందని, పొద్దున లేవగానే ఎక్కువని, చెవులలో హోరుమంటుందని. డాక్టరు నిరోష వయసులో చిన్నది, గొంతు మెత్తనిది. చేయి పైకెత్తి ఆపింది.

"జర ఊపిరి తీసుకో అక్కా. ముందుగాల కొద్దిసేపు ఊరికెనే కూసో. మాట్లాడకు. కాళ్లు నేలకు ఆనించు, వీపు కుర్చీకి ఆనించు."

ఊరికే కూర్చోవడం! చేతిలో చేట లేకుండా, ఒడిలో గొర్రెపిల్ల లేకుండా, ఎవరో ఒకరు పిలుస్తారని చెవి ఒగ్గకుండా కూర్చుని ఎంత కాలమైందో నాగరాణికి గుర్తుకు రాలేదు. డాక్టరు ఆమె రవిక చేతిని పైకి జరిపి, చేతిని బల్ల మీద గుండె ఎత్తుకు ఆనించి, పట్టీ చుట్టి బీపీ చూసింది. కొంత ఆగి మళ్లీ చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ తలనొప్పి ఎప్పుడెప్పుడొస్తది?"

"పొట్టేలును ఎత్తి భుజాన ఏసుకున్నప్పుడు కండ్లు బైర్లు కమ్ముతయి మేడం."

"పొట్టేలును నువ్వే ఎత్తుతవా అక్కా?"

నాగరాణి నాలుక కరచుకున్నది. అతని బాధను అతని మాటలలోనే తెచ్చి, అందులో నుండి అతని భుజాన్ని తీసివేయడం మరిచిపోయింది. డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"నువ్వు చెప్పింది బీపీ ఎక్కువున్నోళ్ల తీరుగ ఉన్నది. నీ బీపీ ఏమో తక్కువ దిక్కు ఉన్నది. మాటలు విని మాత్ర ఇస్తే, అది నువ్వు మింగితే, ఎక్కడన్న పడిపోతవు. ఈ తలనొప్పి నీది కాదు గదా?"

"మా ఆయనది," అన్నది నాగరాణి, నేలను చూస్తూ.

"ఆయన రావాలె. ఆయన చేతికే పట్టీ కట్టాలె. ఒక్కనాడు ఎక్కువున్నదని గూడ బీపీ అని పేరు పెట్టను, ఇంకోనాడు మళ్ల చూడాలె. మరి నీదేంది?"

"నాదేం లేదు మేడం."

డాక్టరు లేచి నిలబడి, నాగరాణి గడ్డాన్ని కొంచెం పైకెత్తి, బొటనవేలితో ఆమె కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగింది.

ఆ స్పర్శ తగలగానే నాగరాణి లోపల ఏదో కదిలింది. ఈ చేష్ట ఆమె ఎరిగినదే. వారానికి ఒకసారైనా చూస్తూనే ఉన్నది. పరశురాములు మందలో అనుమానం కలిగిన ప్రతి గొర్రెనూ పట్టి, ఇదే విధంగా, ఇదే బొటనవేలితో, కనురెప్పను కిందికి లాగి రంగు చూస్తాడు. ఎర్రగా ఉంటే విడిచిపెడతాడు. తెల్లబడి ఉంటే కడుపులో నట్ట పురుగులు రక్తం తాగుతున్నాయని మందు తాపుతాడు. గొర్రె కదలకుండా తల ఒడిసి పట్టుకునేది నాగరాణి. అన్ని కళ్లలోకి తొంగిచూసిన ఆ మనిషి, ఆ తలలను పట్టుకున్న మనిషి కళ్లలోకి ఎన్నడైనా చూశాడా? చూశాడేమో, కాపురానికి వచ్చిన కొత్తలో. అయితే రెప్పను కిందికి లాగి లోపలి రంగును చూడలేదు.

"పచ్చిబియ్యం తినాలనిపిస్తదా?" అని అడిగింది డాక్టరు.

నాగరాణి ఉలిక్కిపడింది. అత్తమ్మ వచ్చి చెప్పిందా?

"ఎవరూ చెప్పలేదక్కా. రక్తం తక్కువైతె కొందరికి బియ్యం మీద, మన్ను మీద మనసు పోతది. అది కక్కుర్తి కాదు, రోగం గుర్తు. నెలనెలా ఎక్కువ పోతాందా?"

అది కక్కుర్తి కాదు. ఆ ఒక్క మాటతో నాగరాణికి కళ్లలో నీళ్లు నిండాయి. ఎన్ని నెలలుగా నోటిలో బియ్యంతో పాటు నమిలి మింగిన అవమానం అది! ఆమె మాట్లాడడానికి ప్రయత్నించింది. అత్తమ్మ మోకాళ్ల గురించి అనర్గళంగా చెప్పే నోటికి తన గురించి చెప్పబోతే మొదలు దొరకలేదు. ఎక్కడి నుండి చెప్పాలి? నీళ్లలో ఎర్రగా విడిచిన గుడ్డల నుండా? మిట్ట దగ్గర లేని ముల్లు నుండా? డాక్టరు తొందరపెట్టలేదు. బయట వరుసలో ఎవరో గొణిగితే, "జర ఆగుండ్రి, మీకూ ఇంతే టైమిస్త," అన్నది. ఆ తరువాత నాగరాణి చెప్పింది. ముక్కలు ముక్కలుగా, వెనుకది ముందు, ముందుది వెనుక చేసి చెప్పింది. అయినా ప్రతి ముక్కా ఆమెదే.

వేలిని సూదితో పొడిచి చూస్తే రక్తం ఉండవలసిన దానిలో సగమే ఉన్నది.

"గ్లూకోజు ఒకటి ఎక్కిస్తె తగ్గదా మేడం?"

"గ్లూకోజు నీళ్లతోని రక్తం పుట్టదక్కా. ఆ సూది గుచ్చి పంపితె నీకు మంచిగనిపిస్తదేమో గాని, నేను నిన్ను మోసం చేసినట్టే."

ఇనుము మాత్రలు ఇచ్చి, వాటిని చాయ్‌తో గాని చాయ్ తాగిన వెంటనే గాని వేసుకోవద్దని, నిమ్మరసం నీళ్లతో వేసుకోమని, విరేచనం నల్లగా వస్తే భయపడవద్దని, ఒంట్లో బాగున్నదనిపించినా మధ్యలో మానవద్దని చెప్పింది. అయితే కుండకు చిల్లి ఉండగా నీళ్లు పోస్తే నిలువవు గనుక, రక్తం ఎందుకు పోతున్నదో తెలియాలని, సోమవారమే నల్లగొండ పెద్ద దవాఖానకు పోయి స్కానింగు తీయించుకోవాలని, ఈ లోపల రక్తస్రావం ఎక్కువైనా, కూర్చున్నా ఆయాసం వచ్చినా ఆ రోజు వరకు ఆగవద్దని హెచ్చరించింది.

"ఇంకా నెట్టుకురావొద్దక్కా. ఇంత తక్కువ రక్తంతోని గుండె ఎంత కష్టపడుతాందో నీకు తెల్వది. ఒకనాడు అదే ఆగమంటది."

*

పరశురాములు చేయి చాపి ఎదురుచూస్తున్నాడు. నాగరాణి జరిగినదంతా చెప్పింది. మొదట అతనికి అర్థమైనది, తన మాత్రలు రాలేదన్న సంగతి ఒక్కటే.

"ఒక్క మాట చెప్పి రమ్మంటె, నీ కథ చెప్పుకొని వచ్చినవా? నేను గొర్రెలకు మందు తాపుతున్న, వాటి పేర్లడుగుతున్ననా? సరేలే, పక్కింటి జంగయ్య బీపీ గోళీలు వాడుతున్నడు. వాని దగ్గర రెండు అడుక్కుంట."

నల్లగొండ మాట ఎత్తితే, ముగ్గులు పరిచి మల్లన్నను కొలిచే పట్నాలు దగ్గరపడ్డాయని, సంఘం వాళ్లంతా ఇంటికి వస్తారని, వండేది ఎవరని, గొర్రెపిల్లలకు పాలు పట్టేది ఎవరని, అవి దాటిన తరువాత చూద్దామని అన్నాడు. ఆ 'చూద్దాం' అన్న మాటలో కోపం లేదు; అతని దృష్టిలో అది న్యాయమైన మాటే. గుర్వమ్మ గోడ పక్క నుండి, ఆడదానికి నెలకింత పోవడం సృష్టిలో ఉన్నదేనని, దానికి పెద్ద దవాఖాన దేనికని అన్నది. నాగరాణి పొయ్యి దగ్గరకు వెళ్లింది. ఆ పూట కూడా అందరి తరువాతే తిన్నది. అయితే ఒక్క సంగతి మారింది. మాత్ర వేసుకోవలసి ఉన్నదని, తిన్న తరువాత వాళ్లతో పాటు చాయ్ తాగలేదు. "ఏందే, అలిగినవా?" అని అడిగాడు పరశురాములు. ఆమె మాత్ర చూపించి నోట్లో వేసుకున్నది.

మరునాడు ఉదయం నట్టల మందు తాపే పని పెట్టుకున్నాడు పరశురాములు. ఎప్పటివలెనే నాగరాణి ఒక్కొక్క గొర్రె తలను మోకాళ్ల నడుమ ఒడిసి పట్టుకున్నది. అతడు రెప్ప లాగి చూస్తున్నాడు. నల్లమూతి గొర్రె వంతు వచ్చినప్పుడు అతని ముఖం మారింది. రెండవ కన్నూ చూశాడు. ఆ గొర్రె మెడను నిమురుతూ మెత్తగా అన్నాడు:

"దీనికి నెత్తురు లేదు. కాయితం లెక్క తెల్లగున్నది కన్ను. దీన్ని మందతోని తోలొద్దు, నడవలేదు. ఇంటికాడనే కట్టెయ్యి. పచ్చిమేత వెయ్యి. పిల్లను గూడ దీని దగ్గరికి పోనియ్యకు, పాలు గుంజి పీల్చి పిప్పి చేస్తది."

నాగరాణి ఆ గొర్రె తలను విడిచింది. అది లేచి విదిలించుకుని పోయింది. ఆ గొర్రె ఉన్న చోట, అదే తడిమట్టిలో ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ముఖం పైకెత్తింది.

"నాది జూడు."

"ఏందే నీ పరాచికం పొద్దుగాల పొద్దుగాల?"

"పరాచికం గాదు. గొర్రెకు జూసినట్టే జూడు. నీకు తెలిసిన విద్యే గదా."

పరశురాములు తల్లి వైపు చూశాడు. గుర్వమ్మ గోడకు ఆనుకుని ఇటే చూస్తున్నది. అతడు నవ్వబోయి, భార్య చూపులో నవ్వుకు చోటు కనబడక, వంగి బొటనవేలితో ఆమె రెప్పను కిందికి లాగాడు. ఉదయపుటెండ నేరుగా పడుతున్నది. ఏళ్ల తరబడి వేల కళ్లను చూసిన ఆ వేలు అక్కడే ఆగిపోయింది. రెండవ కన్ను చూశాడు. నల్లమూతి గొర్రె కంటిలో చూసిన తెలుపే ఇక్కడా ఉన్నది.

ఆమె లేచి, మోకాళ్లకు అంటిన మట్టిని దులుపుకున్నది. గొంతు పెంచలేదు.

"సోమవారం నేను నల్లగొండ పోతున్న. పట్నాలకు వంట మీ అక్క వచ్చి చేస్తది, కబురు పంపు. నీ తలనొప్పి సంగతి ఇంక నేను చెప్ప. జంగయ్య గోళీలు జంగయ్యవి, నీయి గావు. నీకు నోరున్నది, చెయ్యి ఉన్నది, పోయి కట్టించుకో."

*

సోమవారం నాగరాణి బయలుదేరుతుండగా గుర్వమ్మ పిలిచింది. ముసలామె నల్లమూతి గొర్రె ముందు కూర్చుని, వంగని మోకాళ్లను చాపుకుని, పచ్చిగడ్డిని తుంచి తుంచి వేస్తున్నది. కొంగు ముడి విప్పి నిమ్మకాయలు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"గోళీ వేసుకునేటప్పుడు పిండుకో," అని మరింత గడ్డి తుంచి, గొర్రెను చూస్తూనే అన్నది: "నాకు గూడ గట్లనే పోయేది. నీ మొగడు పుట్టినంక శానా ఏండ్లు. నేనూ బియ్యం బుక్కిన. మా అత్త జూడకుండ బుక్కిన. గంతే."

నాగరాణి అత్త ముందు కూర్చున్నది. ఆ వంకర వేళ్లను ఒకసారి తన చేతిలోకి తీసుకున్నది. "పో, బస్సు పోతది," అని గుర్వమ్మ చేయి విడిపించుకున్నది.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. ఊరు దాటబోతుంటే పల్లె దవాఖాన వసారా కనబడింది. వరుసలో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. గేటు బయట, ఎండ లేకపోయినా తలకు తువ్వాలు చుట్టుకుని, ఎవరినో కలవడానికి వచ్చినట్లు అటూ ఇటూ చూస్తూ పరశురాములు నిలబడి ఉన్నాడు. ఒక అడుగు గేటు లోపలికి వేశాడు, మళ్లీ ఆగాడు. అంతలో బస్సు మలుపు తిరిగింది. అతడు లోపలికి పోయాడో లేదో నాగరాణికి తెలియలేదు. వెనుదిరిగి చూడాలని మెడ ఒకసారి కదిలింది. ఇన్నేళ్ల అలవాటు గదా. అయితే ఆమె తిరగలేదు. ముందున్న దారిని చూస్తూ, కొంగులోని నిమ్మకాయలను తడుముకున్నది. అతడు పోతే మంచిదే. అతని ఆయువు చల్లగా ఉండాలనే ఆమె కోరిక. కాని అక్కడి గడప అతడే దాటవలసినది.

పెద్ద దవాఖానలో జనం కిటకిటలాడుతున్నారు. చీటీ రాసే కిటికీ దగ్గర కూర్చున్న ఆమె తల ఎత్తకుండానే అడిగింది:

"ఎవరికి బాగలేదు?"

నాగరాణికి అలవాటుగా మొదట నోటికి వచ్చినవి వేరే పేర్లు. వాటిని ఒక్క క్షణం అలాగే నిలిపి, గుండె నిండా ఊపిరి తీసుకుని, తన జీవితంలో ఏ కిటికీ ముందూ ఇంతకు మునుపు పలుకని మాట పలికింది.

"నాకు."

*

ఈ కథ చెవిన పడిన ప్రతి ఇంటా, అందరి తరువాత తినే ఆమెకు ఆకలి వేళకు అన్నం దొరుకుగాక. ఆమె నొప్పి ఆమె నోటితోనే వెలువడుగాక. అది వినడానికి తొందర లేని ఒక మనిషి ఎదురుగా కూర్చుండుగాక. విన్నవారికి, చదివినవారికి, వారి ఇంటి మూగజీవాలకు సైతం, స్వామి సగమేనిలో నిలిచిన ఆ తల్లి నిండు నూరేళ్ల ఆరోగ్యాన్ని అనుగ్రహించుగాక.